దీపాలకు వరదగుడి

రొయ్యల గుంటల మీద బతికేవాడికి ఒకచోట కుదురుగా కూర్చోవడం రాదు. తెల్లవారగానే గట్టు మీదికి పోవాలి. నీళ్ళలోంచి మేత పళ్ళెం పైకి లాగి ఎంత తిన్నాయో, ఎంత వదిలేశాయో చూడాలి. రెండు రొయ్యల్ని అరచేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎదురుగా పట్టి, గాజులాంటి ఆ ఒంట్లో పేగు నిండుగా ఉందా, తెగి తెగి తెల్లగా ఉందా అని కళ్ళు చికిలించి చూడాలి. నీళ్ళను చిలికే ఏరేటరు చప్పుడు కాస్త మారినా అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తాలి. ఇందుకూరుపేట దాటి మైపాడు పోయే దారిలో, సముద్రపు గాలి తగిలే చోట, నా వయసులో సగం అట్లా పరుగెత్తడంలోనే గడిచిపోయింది.

అలాంటి నన్ను బీపీ తీసుకుపోయి మంచానికి కట్టేసింది. ఎప్పటినుంచి ఉందో తెలియని బీపీ. తలనొప్పి వస్తే మాత్ర వేసుకుని మరిచిపోయిన బీపీ. అది లోలోపల రెండు మూత్రపిండాలనూ పాడుచేసేదాకా నాకు తెలియలేదు. అప్పటినుంచి వారానికి మూడుసార్లు నెల్లూరులో డయాలసిస్. మధ్యాహ్నం మంచం ఎక్కితే దీపాలు పెట్టే వేళకు దిగుతాను. ఎడమ చేతిలో రెండు సూదులు. ఒకదాంట్లోంచి రక్తం మిషనులోకి పోతుంది, రెండోదాంట్లోంచి శుభ్రపడి తిరిగి వస్తుంది. అంతసేపూ ఆ చెయ్యి కదపకూడదు.

కదపకూడదని చెప్పిన క్షణం నుంచే నాకు కదపాలనిపిస్తుంది. చెయ్యి ఊరుకుంటే కాళ్ళు ఊరుకోవు. పిక్కల్లో చీమలు పాకినట్టు ఉంటుంది. మడుస్తాను, చాపుతాను, ఒక పాదంతో ఇంకో పాదాన్ని రుద్దుకుంటాను. టైమెంత అని అడుగుతాను. ఇంకొంచెం ముందే తీసేయకూడదా అని అడుగుతాను. ఆ వార్డులో పనిచేసే సిస్టర్లందరికీ నేను ‘కుదురు లేని అన్న’ని. ఆ పేరు నాకు ఎంత చెరుపు చేస్తుందో అప్పుడు తెలియదు.

నా పక్క మంచం భాయ్‌ది. పెద్దాయన. నెల్లూరు బజారులో గాజుల దుకాణం పెట్టి, ఒంట్లో బాగున్నంత కాలం తనే నడిపి, ఇప్పుడు అల్లుడి చేతికి అప్పగించారు. నేనెంత కదులుతానో ఆయన అంత కదలకుండా పడుకునేవారు. సూది గుచ్చేటప్పుడు కూడా ముఖం చిట్లించేవారు కాదు.

“కాళ్ళు ఊపబాక అబ్బయా,” అనేవారు కళ్ళు మూసుకునే. “నీ మంచం ఊగితే నా నిద్ర గూడా ఊగతా ఉండాది.”

“నిద్రెట్టా పడతాది భాయ్ నీకు ఈడ?”

“పడక ఏం చేస్తాది? నేను యాడికన్నా పోవాల్నా?”

ఒకరోజు ఆయనకు మధ్యలో బీపీ పడిపోయింది. డయాలసిస్‌లో అది కొత్త సంగతి కాదు. ఒంట్లో నీరు లాగేటప్పుడు ఒక్కోసారి అట్లా అవుతుంది. ముఖం పాలిపోయింది, చెమటలు పట్టాయి, నోట మాట ఆగిపోయింది. సిస్టర్లు వచ్చి తల కిందికి దించారు, సెలైను ఎక్కించారు. కాసేపటికి తేరుకున్నారు. కూతురు తెచ్చిన రొట్టె ముక్క కూడా తిన్నారు. పోతూ పోతూ నాతో “ఈ రోజు పైకి పోయి చూసొచ్చినా అబ్బయా, యాడా ఖాళీ లేదంట” అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

మళ్ళీ మా వంతు వచ్చిన రోజు కూతురు ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఎప్పుడూ తనంతట తను నడిచి వచ్చే మనిషి గుమ్మం దగ్గర ఆగి, కాలితో తడిమి చూసుకుని దాటారు.

“కుడికంట్లో కింది సగం నల్లగా ఉండాది అబ్బయా. ఆ రోజు ఇంటికి పోయి పడుకొని, తెల్లారి లేస్తే అట్టా ఉండాది. నొప్పి లేదు, నీరు కారలా. గోడ కనపడతాది, గడప కనపడదు.”

కంటి డాక్టరుకు అప్పటికే చూపించారట. బీపీ పడిపోయినప్పుడు కంటి నరానికి రక్తం అందలేదనీ, నరం దెబ్బతిన్నదనీ, పోయిన చూపు తిరిగి రావడం కష్టమనీ ఆమె ఉన్నదున్నట్టు చెప్పారట. ఆ చెప్పడం కూడా భాయ్ ఎవరికో జరిగిన సంగతి చెప్తున్నట్టు చెప్పారు. తర్వాత కొన్ని వారాల్లో పై సగం కూడా మసకబారింది. ఎడమ కన్ను ఒక్కటే మిగిలింది.

నాకు ఆ రోజు నుంచి నిలకడ పూర్తిగా పోయింది. పొద్దున లేవగానే ముందు ఒక కన్ను మూసి గోడ మీది క్యాలెండరు చూసేవాణ్ణి, తర్వాత రెండో కన్ను మూసి చూసేవాణ్ణి. వార్డులో పడుకుంటే పైకప్పుకు వేసిన చదరపు పలకల గీతలు చివరిదాకా కనిపిస్తున్నాయో లేదో చూసుకునేవాణ్ణి. కనిపిస్తే, కాసేపయ్యాక ఇంకోసారి చూసుకునేవాణ్ణి. బీపీ చూసే పట్టీ చేతికి బిగిస్తే అంకె చెప్పేదాకా సిస్టరును కదలనిచ్చేవాణ్ణి కాదు.

“నీ కండ్లు బాగుండాయిలేయ్యా,” అనేది నా భార్య. “నువ్వు వాటిని ఇట్టా గెలుకుతుంటే అవే విసుక్కుని పోతాయి.”

చలికాలంలో మొదలైంది నా కథ. మంచం మీద సగం సేపు గడిచాక ఎడమ కనుబొమ్మ పైన పోటు వచ్చేది. దిగేవేళకు అది కంట్లోకి దిగి, కనుగుడ్డును ఎవరో లోపల్నుంచి వేలితో నెడుతున్నట్టు ఉండేది. ఒక సాయంత్రం ఆసుపత్రి బయటికి వచ్చి చూస్తే వీధి దీపాల చుట్టూ రంగులున్నాయి. వానలకు ముందు చందమామ చుట్టూ గుండ్రంగా వెలుగు తిరుగుతుందే, వరదగుడి కట్టిందంటారు మా వైపు, అచ్చం అట్లా ప్రతి దీపానికీ ఒక గుడి. లోపల నీలం, బయట ఎరుపు. ఆటో లైటుకూ ఉంది, మందుల షాపు బల్బుకూ ఉంది.

“మంచు బాగా పట్టింది మే,” అన్నాను బండి తీస్తూ.

వెనక కూర్చోబోతున్న నా భార్య ఆగి చుట్టూ చూసింది. “మంచేంది? యాడుండాది మంచు?”

“ఎక్కు,” అన్నాను. నాకు మంచే కావాలి. ఇంటికి పోయి పడుకుని పొద్దున లేస్తే క్యాలెండరు అంకెలు శుభ్రంగా కనిపించాయి. బల్బు వేసి చూశాను. గుడి లేదు. ఊపిరి పీల్చుకుని గుంటల మీదికి పోయాను. మళ్ళీ డయాలసిస్‌కు పోయిన రోజు సాయంత్రం గుడి వచ్చేసింది.

వార్డులో చెప్పాను. బీపీ తలనొప్పి అన్నారు. నీళ్ళు ఎక్కువ తాగి వస్తున్నారు, అంత నీరు ఒక్కసారి లాగితే తల నొప్పి పుట్టదా అన్నారు. అదీ నిజమే, నేను దాహానికి ఆగలేను. నీళ్ళు తగ్గించాను. పోటు తగ్గలేదు. పోటు భరించలేక ముందే తీసేయమని గొడవ చేసేవాణ్ణి. “అన్నకు ఎప్పుడూ తొందరే” అని నవ్వేవాళ్ళు. నా కుదురులేనితనం అందరికీ తెలిసిందే కనుక ఆ గొడవలో కన్ను ఉందని ఎవరికీ తోచలేదు. ఒకటి రెండుసార్లు బతిమాలి ముందే దిగాను కూడా. అప్పుడు ఒంట్లో నీరు మిగిలిపోయి, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చేది. ఉంటే కన్ను, లేస్తే ఊపిరి. మధ్యలో నేను.

కళ్ళజోడు కోసం చూపించుకునే డాక్టరు దగ్గరికి పోయాను. డయాలసిస్ లేని రోజు, పొద్దున పూట, అన్నం తిని నిదానంగా పోయాను. ఆయన ఓపికగానే చూశారు. కంట్లో చుక్కలు వేసి లోపలి పొర చూశారు, కంటి ఒత్తిడి చూశారు.

“మీకు షుగర్ లేదు కదా. లోపలంతా బాగుంది. ప్రెషర్ కూడా మామూలుగానే ఉంది. కళ్ళు కొంచెం పొడిబారాయి, చుక్కలు వాడండి,” అన్నారు.

సంతోషంగా బయటికి వచ్చాను. సాయంత్రాలు దీపాలకు గుడి కడుతోందని ఆయనకు చెప్పాను, కానీ అది డయాలసిస్ జరిగిన సాయంత్రాలకే అని చెప్పలేదు. నాకే ఆ రెండింటికీ ముడి తెలియదు. తర్వాత కావలిలో బావమరిది ఇంటికి పోయినప్పుడు అక్కడా ఒకచోట చూపించాను. అక్కడా అదే మాట. అంతా బాగుంది.

ఇద్దరు డాక్టర్లు బాగుందన్నాక ఇంకేం మాట్లాడతాం? కానీ మంచు కాలం పోయింది, ఎండలు వచ్చాయి, గుడి మాత్రం పోలేదు.

కోతలు అయిపోయిన రోజుల్లో ఒక సాయంత్రం, డయాలసిస్ అయ్యాక నా భార్యను వెనక ఎక్కించుకుని ఇంటికి వస్తున్నాను. మా దారిలో రైతులు రోడ్డు సగానికి వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి పెడతారు. అందరికీ తెలిసిన సంగతే, అందరూ కాస్త పక్కకు తిప్పుకుని పోతారు. నేనూ ఏళ్ళ తరబడి అట్లాగే పోతున్నాను. ఆ రోజు ఎదురుగా వచ్చే లారీ లైటు చుట్టూ పెద్ద రంగుల చక్రం తిరుగుతోంది. దాన్ని తప్పించుకోవాలని ఎడమకు జరిగాను. ఎడమన రాయి ఉంది. అది నాకు కనిపించలేదు. మసగ్గా కూడా కాదు, అక్కడ రాయన్నది లేనట్టే ఉంది.

బండి ఎగిరింది. ఇద్దరం వడ్ల మీద పడ్డాం. ఆ వడ్లే కాపాడాయి.

నా భార్య లేచి తన మోకాలు చూసుకోలేదు, నా తల చూడలేదు. నా ఎడమ చెయ్యి లాక్కుని, సూదులు గుచ్చే చోట అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. డయాలసిస్ కోసం ఆపరేషను చేసి కలిపిన నరం అది. బాగా ఉంటే లోపల జుమ్మని అదురుతుంటుంది. ఆ అదురు ఆగిపోతే మళ్ళీ మొదటికి వస్తుంది.

“ఉండాది,” అంది. అప్పుడు ఏడ్చింది. ఆ తర్వాత తిట్టింది. “అంత రాయి కనపడలా? అంత రాయి కనపడలా నీకు?”

వడ్ల ఆసామి కేకలు వేస్తూ వచ్చి, నా చేతి కట్టు చూసి తగ్గాడు. “కూర్చోన్నా, కూర్చో. నీళ్ళు తాగతావా?” అన్నాడు. తాగకూడదని చెప్పలేక తల అడ్డంగా ఊపాను.

ఆ రాత్రికే బండి తాళం ఆమె కొంగున ముడేసుకుంది. మర్నాటి నుంచి మా గుంటల గట్టు మీద కోడలి స్కూటీతో నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఒకసారి మేత బస్తాల్ని గుద్దింది. ఒకసారి గట్టు చివరిదాకా పోయి, తిప్పడం రాక అక్కడే ఆపి నన్ను పిలిచింది. పట్టు వదల్లేదు. నేను వెనక కూర్చోవడం నేర్చుకోవాల్సి వచ్చింది. రెండింట్లో అదే కష్టం.

పడిన సంగతి భాయ్‌కు చెప్పాను. ఆయన అట్లాగే పడుకుని విన్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను.

“అబ్బయా, నాకు ఒక రాత్రిలో పోయింది. చెప్పకుండా పోయింది. నీకట్టా కాదు, చెప్పి చెప్పి పోతుండాది. ఊరుకోబాక. నన్ను చూసిన డాక్టరమ్మ ఉండాది గదా, ఆమె దగ్గరికి పో. మెత్తగా మాట్లాడదు గానీ ఉన్నమాట చెప్తాది.”

పోయాం. ఆమె మధ్యవయసు మనిషి. నిజంగానే మెత్తగా మాట్లాడలేదు. నేను పాత చీటీలు అన్నీ బల్ల మీద పెడుతుంటే వాటిని పక్కకు జరిపి నన్నే అడిగారు.

“ఆ రంగులు రోజూ వస్తాయా?”

“లేదండీ. సాయంత్రాలు.”

“ప్రతి సాయంత్రమూనా?”

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. నిన్న సాయంత్రం రాలేదు. మొన్న వచ్చాయి. మొన్న డయాలసిస్. పక్కన కూర్చున్న నా భార్య నాకంటే ముందే అందుకుంది. “మంచం దిగిన రోజే వస్తాయమ్మా. ఇంటికాడ ఉన్న రోజు ఈయన లైట్ల సంగతే ఎత్తడు.”

డాక్టరమ్మ కలం కింద పెట్టారు. “ఇంతకుముందు ఎప్పుడు చూపించుకున్నా డయాలసిస్ లేని రోజే పోయారు కదా?”

“అవునండీ. ఆ రోజు ఓపిక ఉంటుందని.”

“ఈసారి ఓపిక లేనప్పుడు రండి. సూదులు తీసి, రక్తం ఆగగానే నేరుగా ఇక్కడికే. ఇంటికి పోవద్దు, టీ తాగడానికి ఆగొద్దు. నేను ఉంటాను.”

మర్నాడు మంచం మీద నాకు ఒకటే ఆరాటం. జీవితంలో మొదటిసారి కన్ను నొప్పి రావాలని కోరుకున్నాను. రాకపోతే ఆమె కూడా బాగుందంటుందని భయం. వస్తే ఏం చెప్తుందో అని భయం. వచ్చింది. ఎప్పటికన్నా ఎక్కువే వచ్చింది. సూదులు తీసి దూది అదిమి పట్టుకున్నాక ఇంకొంచెంసేపు పడుకోమన్నా వినలేదు. నా భార్య స్కూటీ మీద ఎక్కించుకుని ట్రంకు రోడ్డు రద్దీలో పడింది. ఆమె నేర్చుకుని ఎన్నాళ్ళో కాలేదు. బస్సుల మధ్య, ఆటోల మధ్య, హారను మీద నుంచి బొటనవేలు తీయకుండా నడిపింది. నేను నొప్పి పుట్టే కన్ను మూసుకున్నాను. తెరిచిన కంటికి కూడా ఆ సాయంత్రం నెల్లూరు దీపాలన్నిటికీ సన్నగా గుడి కట్టింది.

డాక్టరమ్మ ఒత్తిడి చూశారు. మళ్ళీ చూశారు. తర్వాత అద్దం లాంటిది కంటికి ఆనించి చాలాసేపు లోపలికి చూశారు.

“మీరు చెప్పింది నిజమే. ఎడమకంట్లో ప్రెషర్ చాలా ఎక్కువుంది. కుడికంట్లోనూ పెరిగింది,” అన్నారు.

ఎన్నో నెలలుగా ఎవరూ అనని మాట అది. నిజమే. కన్ను పోతోందని విన్నవాణ్ణి ఏడవాలి, నాకు మాత్రం గుండె తేలికైంది.

ఆమె నాకు అర్థమయ్యేటట్టే చెప్పారు. కంట్లో ఎప్పుడూ కొంచెం నీరు ఊరుతుంటుంది, ఊరినది ఒక మూలనుంచి బయటికి పోతుంటుంది. డయాలసిస్‌లో రక్తంలో ఉన్న మలినం త్వరగా తగ్గిపోతుంది, కంట్లో ఉన్నది అంత త్వరగా తగ్గదు. అందువల్ల నీరు కంట్లోకి లాగుతుంది. చాలామందికి అది బయటికి పోతుంది కనుక ఏమీ తెలియదు. నా కళ్ళలో ఆ మూల పుట్టుకతోనే ఇరుకు. వచ్చిన నీరు పోలేక ఒత్తిడి పెరుగుతుంది, మర్నాటికి మెల్లగా దిగిపోతుంది. దిగిపోయాక చూసినవాళ్ళకు అంతా మామూలే. పెరిగిన ప్రతిసారీ మాత్రం నరాన్ని కొంచెం కొంచెం నొక్కేస్తూ ఉంది.

“తూము చిన్నదైతే వానకు గట్టు తెగినట్టు,” అన్నాను.

“తెగకముందే వచ్చారు. కానీ కొంచెం కోసుకుపోయింది,” అన్నారు ఆమె.

ఆ సాయంత్రం అక్కడే చుక్కలు వేస్తూ కూర్చోబెట్టారు. ఒత్తిడి తగ్గడానికి మామూలుగా ఇచ్చే మాత్ర ఒకటుందట, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు అది మంచిది కాదని ఇవ్వలేదు. మా కిడ్నీ డాక్టరుకు ఫోను చేసి చాలాసేపు మాట్లాడారు. నొప్పి కొంచెం కొంచెంగా జారిపోతుంటే నేను లేచి నిలబడ్డాను, కూర్చున్నాను, గుమ్మం దాకా పోయి వీధి దీపం చూసి వచ్చాను. గుడి పలచబడుతోంది. మళ్ళీ పోయి చూశాను.

“ఆయన్ని కాస్త కూర్చోమని చెప్పండమ్మా,” అన్నారు డాక్టరమ్మ నా భార్యతో.

“నా వల్ల కాదు డాక్టరమ్మా. పెళ్ళైనకాడ్నుంచి చెప్తుండా,” అంది ఆమె.

కొన్ని రోజులకు లేజరు చేశారు. కంటిపాప చుట్టూ ఉండే రంగుపొరకు ఒక అంచున కనిపించనంత చిన్న రంధ్రం చేశారు, నీటికి ఇంకో దారిగా. ముందు ఎడమ కంటికి, తర్వాత కుడి కంటికి. గడ్డం ఆనించి, నుదురు ఆనించి, కదలకుండా కూర్చోమన్నారు. కదలకుండా! నా భార్య వెనక నిలబడి నా తలను రెండు చేతులతో పట్టుకుంది. చిటుక్కు చిటుక్కు మని మెరుపులు, సూది మొన తగిలినట్టు చురుకులు, అంతే.

కిడ్నీ డాక్టరు కూడా నా డయాలసిస్ తీరు మార్చారు. వేగం తగ్గించి మెల్లగా చేయాలన్నారు. మెల్లగా అంటే ఎక్కువసేపు. నాలాంటివాడికి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది? సిస్టరు ఆ సంగతి చెప్తూ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ వెంటనే గొంతు తగ్గించి “అన్నా, నువ్వు తొందరకు అంటుండావనే అనుకున్నాం, కన్ను అనుకోలా” అంది. ఆ తర్వాత తల నొప్పిగా ఉందని ఎవరన్నా అంటే ఆమె కళ్ళ సంగతి కూడా అడగడం విన్నాను.

గుడి పోయింది. పోటు పోయింది. ఎడమ కంటికి పక్కచూపు కొంత పోయింది, అది మాత్రం రాదన్నారు. ఎడమవైపు నుంచి మనిషి వస్తే దగ్గరికి వచ్చేదాకా తెలియదు. గట్టు మీద అటువైపు అంచు చూసుకుని అడుగేస్తాను. మొదట్లో నాకు కోపం ఆగలేదు. ముందు చూసిన డాక్టరు దగ్గరికి పోయి నాలుగు దులపాలనుకున్నాను.

“ఏమని దులపతావు?” అంది నా భార్య. “ఆయన చూసిన పొద్దు నీ కన్ను బాగానే ఉండె గదా. ఉన్నదే చెప్పినాడు.”

అదీ నిజమే. అయినా కోపం ఎక్కడికి పోతుంది? కొన్నాళ్ళు మేత పళ్ళేల మీద, ఏరేటర్ల మీద తిరిగి తిరిగి పోయింది.

ఈలోగా భాయ్ మారిపోయారు. మాటలు తగ్గాయి. ఫోనులో మనవరాలి ఫొటో వస్తే కంటికి మరీ దగ్గరగా పెట్టుకుని, కనపడక జేబులో పెట్టేసుకునేవారు. ఒకరోజు నీళ్ళ గ్లాసు అందుకోబోయి పక్కన గాలిని పట్టుకున్నారు.

“ఎడమ కన్ను గూడా సరిగా లేదా భాయ్?”

“పొగ మాదిరి ఉండాదిలే. వయసు.”

“డాక్టరమ్మకు చూపించినావా?”

“చూపిస్తే ఏం చెప్తాది? ఇది గూడా పోతుండాదని చెప్తాది. ఆ మాట వినకుండా ఉంటే, ఇంకొన్నాళ్ళు ఉన్నట్టు ఉంటాది గదా.”

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ నేను చూసి ఈర్ష్యపడిన ఆ నెమ్మది అంతా నెమ్మది కాదు. ఆయన కదలకుండా పడుకున్నది కదిలితే ఏది తగులుతుందో అని. నేను భయంతో తిరుగుతాను, ఆయన భయంతో ఆగిపోతారు.

ఆ రోజంతా ఆయన్ని వదల్లేదు. “చెప్పకుండా పోతే ఏం చేయలేం, చెప్పి పోతుంటే ఊరుకోకూడదని నాకు చెప్పిందెవురు?” అన్నాను. ముఖం అటు తిప్పుకున్నారు. “నువ్వు రాకపోతే నేను ఈ మంచం మీద పాటలు పాడతా,” అన్నాను. అప్పటికి కాస్త పెదవి కదిలింది. చివరికి ఆయన కూతురికి ఫోను చేసి, ఫలానా రోజు మేం వచ్చి తీసుకుపోతామని చెప్పేశాను. ఒప్పుకున్నారో లేదో అడగలేదు.

అది శుక్లం. నరం కాదు, ఉత్త శుక్లం. డయాలసిస్ మీద చాలాకాలం ఉన్నవాళ్ళకు అది తొందరగా వస్తుందట. తీసేస్తే పోతుందన్నారు డాక్టరమ్మ. భాయ్ కుర్చీలో కూర్చుని ఆ మాట మళ్ళీ చెప్పమన్నారు. ఆమె మళ్ళీ చెప్పారు. ఆయన ఇంకోసారి అడగబోతే కూతురు ఆయన చెయ్యి నొక్కింది.

ఉన్నది ఒకే కన్ను కనుక అందరం భయపడ్డాం. రక్తం గడ్డకట్టకుండా డయాలసిస్‌లో ఇచ్చే మందు తగ్గించి, బీపీ పడకుండా చూసుకుని, డయాలసిస్ అయిన మర్నాడు ఆపరేషను పెట్టుకున్నారు. బయట బెంచీ మీద ఆయన కూతురు కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ కూర్చుంది. నా భార్య ఆమె పక్కన కూర్చుని వేంకటేశ్వరస్వామిని తలుచుకుంది. నేను ఆ వరండాలో ఎన్నిసార్లు తిరిగానో, తుడిచే ఆమె గుడ్డ నేలకేసి కొట్టి “సామీ, నీ అడుగులే తుడస్తా ఉండా పొద్దున్నించి” అంది.

మర్నాడు కట్టు విప్పేటప్పుడు మేమూ లోపలికి పోయాం. భాయ్ కన్ను మెల్లగా తెరిచి, ఆర్పి, మళ్ళీ తెరిచి ముందు కూతుర్ని చూశారు. ఆమె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశారు. తర్వాత నా భార్యను చూసి “చెల్లెమ్మా” అన్నారు. తర్వాత నావైపు తిరిగారు. నవ్వుతారనుకున్నాను. నొసలు ముడిచారు.

“ఏందబ్బయా, నువ్వు ఇంత నల్లగా ఉండావేంది? మంచి రంగు మనిషివి అనుకున్యానే!”

“డయాలసిస్ భాయ్. నువ్వేమన్నా తెల్లగా ఉండావా? పోయి అద్దంలో చూసుకో,” అన్నాను.

ఆ మధ్యాహ్నమే మా ఇద్దరికీ డయాలసిస్. ఆటోలో పోతుంటే బజారు మీదుగా పోనివ్వమన్నారు భాయ్. ఆలస్యమవుతుందని నేను, ఒక్క నిమిషమని ఆయన. చివరికి దుకాణం ముందు ఆటో ఆపించారు. నల్ల కళ్ళద్దాలు కొంచెం పైకెత్తి, వేలాడే గాజుల తోరణాలన్నీ ఒక చివర నుంచి చూసుకుంటూ వచ్చి, ఒకచోట ఆగారు.

“ఈ నీలం గాజులేంది? కంట్లో పొడస్తా ఉండాయి. ఇట్టాటి రంగు ఎవురన్నా తొడుక్కుంటారా? ఎవురు తెచ్చినారివి?”

అల్లుడు లోపల్నుంచి వచ్చి, మామ ముఖం చూసి, మా ముఖాలు చూశాడు.

“మొన్న ఆపరేషనుకు ముందు నువ్వే గదా మామా, చేత్తో పట్టుకుని ఏరి మరీ తెప్పించినావు. నెమ్మదైన రంగు, బాగా పోతాయి అన్నావు.”

భాయ్ గాజు ఒకటి తీసి ఎండకు పట్టి తిప్పి తిప్పి చూశారు. “పోయినాయా?” అని అడిగారు.

“బాగా పోయినాయి మామా. ఇవే మిగిలింది.”

ఆయన తృప్తిగా తల ఊపారు. నేను ఆటోలోంచి సగం బయటికి వంగి, మిషను మన కోసం కాచుకుని ఉండదు, రా భాయ్ రా అని అరుస్తూనే ఉన్నాను.